సంఘం ఎవరి పని చేస్తోంది?

(హుజూరాబాద్‌లో మహిళా సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల సిబ్బంది కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల పనితీరు ఎందుకు దెబ్బతింటోంది అన్నది ఈ పూట మనం మాట్లాడుకోవాల్సిన విషయం. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనకు సిద్ధంగా కొన్ని జవాబులు ఉంటాయి. నిధులు చాలడం లేదు, శిక్షణ లేదు, ఆడవాళ్లకు చదువు లేదు, నాయకత్వం ఎదగలేదు, రాజకీయ జోక్యం పెరిగింది అని. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ నిధులున్న సంఘాలూ, శిక్షణలు పదేసి సార్లు పొందిన సంఘాలూ కూడా అలసిపోయి కనిపిస్తున్నాయి. ఏ పనీ ఆగలేదు, ఏ పనీ పూర్తి కాలేదు అన్న స్థితి. దీనికి కారణం లేమిలో కాదు, ఎక్కువలో ఉందని నేననుకుంటున్నాను. ఒకే సంఘం మీద, ఆ సంఘంలోని అవే అయిదారుగురు స్త్రీల మీద, ఒకదానితో ఒకటి పోటీ పడే పనులు వచ్చి పడటం గురించే ఇవాళ మాట్లాడతాను.

తెలంగాణలో 'సంఘం' అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. 1940లలో ఆంధ్రమహాసభను ఊళ్లలో 'సంగం' అనే పిలిచారు. వెట్టికీ, దొరల భూములకూ వ్యతిరేకంగా నిలబడిన సంగం అది. స్త్రీలు అందులోకి పిలిస్తే వచ్చినవాళ్లు కాదు, తమ పని అనుకుని వచ్చినవాళ్లు. ఇవాళ ఊళ్లో 'సంఘం మీటింగుంది' అంటే అది కిస్తీ కట్టే రోజు. లేదంటే ఎవరో అధికారి వచ్చి కొత్త పథకం చెప్పే రోజు. మాట అదే. లోపలి పని మారిపోయింది. అది ఒక్కరోజులో మారలేదు. పొరలు పొరలుగా మారింది.

మొదటి పొర 1982. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో పేరుబడ్డ సారా వ్యతిరేక ఉద్యమం వచ్చింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించక తప్పలేదు. రోడ్డెక్కిన ఆ స్త్రీల శక్తిని అదే కాలంలో ప్రభుత్వం పొదుపు వైపు తిప్పింది. పొదుపు చెడ్డదని నేను అనను. రోజుకు రూపాయి దాచుకోవడంలో ఆడదానికి తనదంటూ ఒక చోటు దొరికింది. కానీ సారా దుకాణం ముందు నిలబడ్డప్పుడు ఏం చెయ్యాలో వాళ్లే తేల్చుకున్నారు. పొదుపు పుస్తకం వచ్చాక ఏం చెయ్యాలో పైనుంచి చెప్పడం మొదలైంది. ఈ తేడా చిన్నది కాదు.

రెండో పొర 1990ల చివరి సంవత్సరాలు. 1997 జనవరిలో జన్మభూమి వచ్చింది. అప్పటికే అడవి ఉన్న ఆదిలాబాద్ లాంటి జిల్లాల్లో వన సంరక్షణ సమితులున్నాయి. దానికి తోడు నీటి వినియోగదారుల సంఘాలు, వాటర్‌షెడ్ కమిటీలు, బడి కమిటీలు, తల్లుల కమిటీలు పుట్టుకొచ్చాయి. ప్రతి శాఖకూ ఊళ్లో ఒక కమిటీ కావాలి, ప్రతి కమిటీలో స్త్రీలుండాలి. కాగితం మీద చూస్తే స్త్రీల భాగస్వామ్యం పెరిగినట్టే. ఊళ్లోకి వచ్చి చూస్తే అన్ని కమిటీల్లోనూ అవే పేర్లు. చదవడం, రాయడం వచ్చి, నలుగురిలో మాట్లాడగలిగి, ఇంట్లో అడ్డుచెప్పని నలుగురు స్త్రీలు. ఊరికి ఆరు కమిటీలు వచ్చాయి గానీ ఆ నలుగురికీ రోజుకు గంటలు పెరగలేదు.

మూడో పొర వెలుగు. 2000లో ప్రపంచబ్యాంకు రుణంతో ఆరు జిల్లాల్లో మొదలైంది. ఆదిలాబాద్ వాటిలో ఒకటి. తర్వాతి దశలో కరీంనగర్‌తో సహా మిగతా జిల్లాలకు వచ్చింది. వెలుగే తర్వాత ఇందిరా క్రాంతి పథం, అంటే మనం పిలుచుకునే ఐకేపీ అయింది. చిన్న సంఘాలన్నీ గ్రామ సంఘంగా, గ్రామ సంఘాలు మండల సమాఖ్యగా, అవి జిల్లా సమాఖ్యగా కూడాయి. ఇంత పెద్ద స్త్రీల నిర్మాణం దేశంలో చాలా చోట్ల లేదు. అందులో స్త్రీలు నేర్చుకున్నదీ, సంపాదించుకున్నదీ తక్కువేం కాదు. అయితే ఇంటింటికీ చేరగల ఒక యంత్రం చౌకగా తయారై ఉంటే దాన్ని వాడుకోని శాఖ ఉంటుందా? బ్యాంకు లింకేజీ, బీమా, వడ్ల కొనుగోలు, 2009లో అభయహస్తం, 2011లో స్త్రీనిధి, 2014 తర్వాత మరుగుదొడ్ల ప్రచారం, 2015 నుంచి హరితహారం మొక్కలు, 2020లో కోవిడ్ మాస్కులు. ప్రభుత్వం మారి 2024లో ఇందిరా మహిళా శక్తి వచ్చింది. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరిట బడుల మరమ్మతులు, బడిపిల్లల యూనిఫాంలు కుట్టడం, క్యాంటీన్లు, 2025లో ఆర్టీసీకి అద్దె బస్సులు, సోలార్ ప్లాంట్లు, పెట్రోలు బంకు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే తప్పుబట్టాల్సింది కాదు. ఆడవాళ్లు బస్సుకు యజమానులైతే మనకంటే సంతోషించేదెవరు?

అయితే మన ప్రశ్న వేరు. ఇవన్నీ మోసేది ఎవరు? ఎప్పుడు? ఇవన్నీ మోస్తూ వాళ్లు మోయలేక కింద పెడుతున్నది ఏమిటి?

ఒక్క వడ్ల కొనుగోలు సంగతే చూద్దాం. కాకతీయ కాలువ కింద ఉన్న మన ప్రాంతంలో ఇది పెద్ద పని. వానాకాలం పంటకు ఒకసారి, యాసంగికి ఇంకోసారి సెంటర్ నడవాలి. తేమ పదిహేడు శాతం మించకుండా చూడాలి, గన్నీ సంచులు తెప్పించాలి, హమాలీలను కుదుర్చుకోవాలి, లారీ కోసం ఎదురుచూడాలి. మిల్లు దగ్గర తరుగు తీస్తే రైతుతో మాటపడాలి. రాత్రి వానొస్తే టార్పాలిన్ల కోసం పరుగెత్తాలి. పైసలు రైతు ఖాతాలో పడేదాకా ఊళ్లో నిలదీసేది సంఘం బాధ్యురాలినే. ఆడవాళ్లు ఈ పని చేయగలరని నిరూపించారు. కల్లం దగ్గర దళారీ చెప్పిన ధరకు తలవంచిన రైతు, సంఘం కాంటా మీద మద్దతు ధర అడిగి తీసుకున్నాడు. సంఘానికి క్వింటాలుకింత అని కమీషన్ కూడా వస్తుంది.

సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే బడుల మరమ్మతులు ముగియాలి, ఎందుకంటే జూన్‌లో బడి తెరుస్తారు. యూనిఫాంలు కుట్టడం కూడా అప్పుడే. ఉపాధి హామీ పని ఎక్కువగా దొరికేదీ ఎండాకాలంలోనే, కాబట్టి సభ్యులకు కూలి రోజులూ అవే. బ్యాంకు కిస్తీ ఏ నెలా ఆగదు. ప్రతి పనికీ వేరే అధికారి, వేరే వాట్సాప్ గ్రూపు, వేరే ఫోటో, వేరే గడువు. ప్రతి అధికారికీ తన పనే మొదటిది. ఈ పనులను ఒకచోట చేర్చి, వీటన్నిటికీ ఆ ఊళ్లో ఎన్ని చేతులున్నాయని లెక్కవేసే బాధ్యత మాత్రం ఏ కుర్చీకీ లేదు. నేను పోటీ అంటున్నది దీన్నే. పనులు ఒకదానికొకటి శత్రువులు కావు. ఒకే స్త్రీ సమయం కోసం కొట్లాడుతున్నాయి.

ఇలాంటి పోటీ ఏం చేస్తుందో చిన్న లెక్క చెబుతాను. ఒక కార్యకర్త చేతిలో మూడు పనులున్నాయనుకుందాం. ఒక్కొక్కటి పది రోజుల పని. ఒకటి ముగిశాక ఇంకొకటి చేస్తే మొదటిది పదో రోజుకు, రెండోది ఇరవయ్యో రోజుకు, మూడోది ముప్పయ్యో రోజుకు పూర్తవుతాయి. ముగ్గురు అధికారులనూ నొప్పించకూడదని రోజుకొకటి చొప్పున మార్చి మార్చి చేసిందనుకోండి. మొదటిది ఇరవై ఎనిమిదో రోజు, రెండోది ఇరవై తొమ్మిదో రోజు, మూడోది ముప్పయ్యో రోజు ముగుస్తాయి. మూడో పని ఒక్క రోజు కూడా ముందుకు జరగలేదు. మొదటి రెండూ మాత్రం బాగా వెనక్కి పోయాయి. ఒక పని ఆపి ఇంకో పని ఎత్తుకున్నప్పుడల్లా ఎక్కడ ఆగామో వెతుక్కోవడానికి పట్టే సమయం, మళ్లీ మళ్లీ పోయే బస్సు ఛార్జీలు ఈ లెక్కలో వెయ్యనేలేదు. ఇంతా చేసి ఇరవై ఏడో రోజుదాకా ఆమెను ఎవరడిగినా 'ఏ పనీ పూర్తి చేయలేదు' అన్న మాటే పడుతుంది. అప్పుడు ఆమెకు సామర్థ్యం చాలదని నిర్ణయించి, సామర్థ్యాల పెంపు పేరిట రెండు రోజుల శిక్షణ పెడతారు. ఆ రెండు రోజులు కూడా ఆమె సమయంలో నుంచే పోతాయి.

ఇప్పుడు ఆ మూడు పనుల్లో ఒకటి, దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన స్త్రీ కేసు అనుకుందాం. మన హక్కుల ఉద్యమానికి ఇదే ప్రాణం. గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 చట్టం ఏమంటోంది? దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల లోపు మొదటి విచారణ పెట్టాలి, ఆ తర్వాత అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. చట్టం చేసినవాళ్లకు తెలుసు, ఈ పనిలో సమయమే రక్షణ అని. కోర్టులు ఈ గడువులను ఎంత పాటిస్తున్నాయన్నది వేరే చర్చ. మన దగ్గరే ఆ స్త్రీ వారం రోజులు ఆగితే ఏమవుతుంది? ఆ వారంలో కులపెద్దలు కూర్చుంటారు. అత్తగారి తరఫు వాళ్లు వస్తారు. పుట్టింటివాళ్లు 'ఎన్ని రోజులు పెట్టుకుంటాం' అంటారు. ఆమె తిరిగిపోతుంది. మన రిజిస్టరులో అది 'రాజీ'గా నమోదవుతుంది. లారీ కోసం రాత్రి పన్నెండింటిదాకా సెంటర్ దగ్గర కూర్చున్న సంఘం బాధ్యురాలిని దీనికి తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఆ స్త్రీ ఒంటరిగా తిరిగిపోయిందన్నదీ నిజం.

పనులు పోటీ పడినప్పుడు ఏది ఓడిపోతుందన్నది యాదృచ్ఛికం కాదు. పైనుంచి అడిగేవాడున్న పని గెలుస్తుంది, అడిగేవాడు లేనిది ఓడిపోతుంది. రికవరీ శాతం ఎంతని అడుగుతారు. ఎన్ని క్వింటాళ్లు కొన్నారని అడుగుతారు. ఎంతమంది కూలి తక్కువిచ్చిన ఆసామిని నిలదీశారు, ఎంతమంది భూమి పట్టాలో తమ పేరు కోరారు, ఎన్ని బాల్యవివాహాలు ఆగాయి అని వారం వారం అడిగేవాళ్లు లేరు. వాటికి ఫారంలో గడి లేదు. సామాజిక కార్యాచరణ కమిటీలు, జెండర్ కమిటీలు పత్రాల్లో ఉన్నాయి. కానీ ఆ కమిటీ సభ్యురాలే కొనుగోలు కమిటీ సభ్యురాలు కూడా అయితే ఏప్రిల్ నెలలో ఆమె ఏ కమిటీలో ఉంటుంది?

దీనికంటే లోతైన నష్టం ఇంకొకటి ఉంది. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని గనుక ఈ విషయం నొక్కి చెప్పాలి. పనులు పెరిగితే సమావేశాలు పెరుగుతాయి. సమావేశానికి రావడమంటే కొందరికి ఒక పూట తీరిక, కొందరికి ఒక రోజు కూలి. హుజూరాబాద్, జమ్మికుంట ప్రాంతంలో హైబ్రిడ్ విత్తన వరి సాగులో పనిచేసే దళిత స్త్రీకి పూత రోజుల్లో కూలి పోగొట్టుకోవడం అంటే మాటలు కాదు. నెలకు ఒక సమావేశమైతే ఆమె వస్తుంది. నాలుగైతే రాదు, రాలేదు. అప్పుడు నాయకత్వం ఎవరి చేతికి పోతుంది? ఎవరింట్లో ఇంకొకరు వంట చేయగలరో, ఎవరికి ఎకరం రెండెకరాలున్నాయో, ఎవరి భర్తకు బండి ఉందో వాళ్ల చేతికి. ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టలేదు. పని భారమే జల్లెడ పట్టింది. సంఘాల నాయకత్వంలో కులం గురించి, వర్గం గురించి మాట్లాడేటప్పుడు మనం మనుషుల బుద్ధుల గురించే మాట్లాడతాం. ఎజెండా పొడవు గురించి కూడా మాట్లాడాలి. ఎజెండా ఎంత పొడవైతే, కూలి చేసుకునే స్త్రీ ఆ సంఘానికి అంత దూరమవుతుంది.

రాతకోతలు పెరిగినకొద్దీ సంఘం బరువంతా వీఓఏ మీద పడుతుంది. ఆమె కూడా స్త్రీయే, ఆ ఊరి మనిషే. తక్కువ గౌరవ వేతనంతో అన్ని శాఖల చాకిరీ చేస్తూ, ఉద్యోగిగా గుర్తింపు లేకుండా ఉన్న మనిషి. 2023 వేసవిలో వీఓఏలు సమ్మెకు దిగినప్పుడు సంఘాల పనులు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. అప్పుడుగానీ ఈ నిర్మాణం ఎవరి భుజాల మీద నడుస్తోందో లోకానికి కనిపించలేదు. ఇంట్లో స్త్రీల పనికి కూలి లేనట్టే ఊరి అభివృద్ధిలో కూడా స్త్రీల పని 'సేవ' అయిపోయింది. ఖర్చు లేని పనికి హద్దు ఉండదు. బాధ్యురాలి గంటకు ఇంత అని కట్టాల్సి వస్తే ఏ శాఖ అయినా కొత్త పని మోపే ముందు ఒకసారి ఆలోచించి ఉండేది.

ప్రభుత్వాన్ని అంటున్నాం, మరి మన స్వచ్ఛంద సంస్థలు? మన కార్యాలయాల్లోనూ ఇదే జరుగుతోంది. ఒక దాతకు బాలకార్మికులు, ఒకరికి హెచ్‌ఐవి, ఒకరికి వాతావరణ మార్పు, ఒకరికి కిశోర బాలికలు. ఒకే కార్యకర్త జీతం మూడు ప్రాజెక్టుల్లో మూడు ముక్కలుగా ఉంటుంది. మూడు నివేదికలు, మూడు రకాల సర్వే, అదే ఊళ్లో అదే ఇంటికి మూడుసార్లు. 2020లో విదేశీ నిధుల చట్టాన్ని సవరించి పాలనా ఖర్చులను సగం నుంచి అయిదో వంతుకు తగ్గించారు. ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ నిధులు ఇవ్వడాన్ని నిషేధించారు. చిన్న సంస్థలకు ఊపిరాడలేదు. ఎక్కడ ఏ చిన్న ప్రాజెక్టు దొరికినా కాదనలేని స్థితి. ఈ ఒత్తిడిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ ఒత్తిడిని మనం ఎవరి మీదికి దించుతున్నాం? మళ్లీ ఊళ్లోని ఆ నలుగురు స్త్రీల మీదికే.

ఒకే మనిషి మీద అనేకమంది గడువులు పెడితే ఏమవుతుందో మన రాష్ట్రం 2010లో చూసింది. సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఇంటికి నాలుగైదు అప్పులిచ్చాయి. ప్రతి సంస్థా తన కిస్తీ ఒక్కటే చూసుకుంది, మొత్తం ఎంతవుతుందో ఎవరూ కూడలేదు. ఆత్మహత్యలు జరిగాక ఆ అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది. అప్పుల మీద ఆ మాత్రం అదుపు కావాలని ఒప్పుకున్నాం. స్త్రీల సమయం మీద పడే కిస్తీల గురించి ఇంకా ఎవరూ అడగడం లేదు.

మరి దారి ఏమిటి? ఇక్కడికి దగ్గరలోనే వెతుకుదాం.

ములుకనూరు మనందరికీ తెలుసు. 2016 దాకా మన కరీంనగర్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో 1990ల మొదట్లో కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ప్రోత్సాహంతో స్త్రీల పొదుపు సహకార సంఘాలు పుట్టాయి. వాటి పని ఒకటే. నెలనెలా పొదుపు చేయడం, ఆ పొదుపులో నుంచే అప్పు తీసుకోవడం. బయటి డబ్బు వద్దన్నారు. బయటి డబ్బు లేదు కాబట్టి బయటి లక్ష్యాలూ లేవు. ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వాళ్లకు అండ అయింది. తర్వాత ఆ స్త్రీలకు పాల వ్యాపారం చేయాలనిపించింది. అప్పుడు వాళ్లు చేసిన పని మనం జాగ్రత్తగా చూడాలి. పొదుపు సంఘం నెత్తిన పాల డబ్బా పెట్టలేదు. 2000ల మొదట్లో పాలకు వేరే సంఘాలు పెట్టుకున్నారు. దానికి వేరే సభ్యత్వం, వేరే పాలకవర్గం, వేరే లెక్కలు, వేరే సిబ్బంది. ఊరి పాల సంఘాలన్నీ కలిసి స్త్రీలే యజమానులుగా డెయిరీ నడుపుకుంటున్నాయి. 'స్వకృషి' పాలు మీరూ తాగే ఉంటారు. పాలలో నష్టం వచ్చిన నెల పొదుపు మునగదు. పొదుపులో తగువు వచ్చిన నెల పాలు విరగవు.

'మరి అదే ములుకనూరులో 1956 నుంచి నడుస్తున్న సహకార గ్రామీణ బ్యాంకు చాలా పనులు చేస్తోంది కదా' అని మీరడగవచ్చు. అడగాలి కూడా. విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన ఆ సంఘం అప్పులిస్తుంది, ఎరువులమ్ముతుంది, వడ్లు కొంటుంది, మిల్లు ఆడిస్తుంది. పనులు ఎన్నో. కానీ అవి పోటీ పడవు. అప్పు తీసుకున్న రైతే ఎరువు కొంటాడు, ఆ ఎరువు వేసి పండించిన వడ్లే సంఘానికి తెస్తాడు, ఆ వడ్ల పైసల్లో నుంచే అప్పు తీరుతుంది. ఒక పని రెండోదానికి కాలువ తవ్వుతుంది. పైగా ప్రతి పనికీ జీతమిచ్చే మనుషులున్నారు, ఏ పని ఎప్పుడు చేపట్టాలో సభ్యులే తేల్చుకున్నారు. అంటే లోపం పనుల సంఖ్యలో లేదు. ఆ పనులను ఎవరు ఎంచుకున్నారు, అవి ఒకదానికొకటి ఆసరానా, అడ్డమా, వాటికి చేతులున్నాయా అన్నదాంట్లో ఉంది.

సేవ సంస్థ కూడా ఈ దారిలోనే నడిచింది. ఇలాభట్ 1972లో అహ్మదాబాద్‌లో కార్మిక సంఘంగా సేవను మొదలుపెట్టారు. సభ్యులకు అప్పుల బాధ ఉందని తెలిసి 1974లో బ్యాంకును వేరే సహకార సంస్థగా పెట్టారు. యూనియన్ యూనియన్‌గానే ఉండి కూలి కోసం, గుర్తింపు కోసం పోరాడింది. బంగ్లాదేశ్‌లో నిజెరా కోరి అన్న సంస్థ ఇంకా కఠినమైన నిర్ణయం తీసుకుంది. చుట్టూ పెద్ద సంస్థలన్నీ అప్పుల వైపు పోతుంటే తాను రుణాల పనే పెట్టుకోనంది. భూమి, కూలి, స్త్రీల హక్కులు, వీటి మీద పేదలను సంఘటితం చేయడమే తన పని అంది. ఎందుకంటే ఉదయం కిస్తీ వసూలు చేసిన కార్యకర్త సాయంత్రం అదే స్త్రీ పక్కన నిలబడి పోరాడలేదు. ఈ రెండు పాత్రలూ ఒక మనిషిలో ఇమడవని వాళ్లు గుర్తించారు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఒకే పని బాగా చేసే సంఘం తనంతట తానే స్త్రీవాద సంఘం కాదు. పొదుపు సంఘంలో లెక్కలు చక్కగా ఉండి, మాదిగవాడలోని స్త్రీకి సభ్యత్వం లేకపోవచ్చు. డెయిరీ లాభాల్లో ఉండి, పాల పైసలు భర్త చేతికే పోవచ్చు. కాబట్టి మనం ఏరుకునే ఆ ఒక్క పని ఏమిటన్నది రాజకీయ ప్రశ్న. మహిళా సమత అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మహిళా సమాఖ్య కార్యక్రమం మన రాష్ట్రంలో 1993లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలై తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి జిల్లాలకు వచ్చింది. పైనుంచి లక్ష్యాలు ఉండకూడదు, సంఘం నడక వేగాన్ని స్త్రీలే నిర్ణయించుకోవాలి అన్నది దాని మూల సూత్రం. ప్రభుత్వ డబ్బుతో నడిచిన కార్యక్రమమే ఆ మాట రాసుకుంది. అక్షరాలు, ఆరోగ్యం, హింస, జోగిని దురాచారం, ఇవి మాట్లాడుకోవడానికి అక్కడ సమయం ఉండేది. 2016లో కేంద్రం దాన్ని జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్‌లో కలపాలని నిర్ణయించింది. లక్ష్యాలు లేని కార్యక్రమాన్ని లక్ష్యాల కార్యక్రమంలో కలిపితే మిగిలేది లక్ష్యాలే. స్త్రీలకు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే చోటు పోయింది. దాన్ని మనం మళ్లీ ఎక్కడ కట్టుకుంటాం?

చర్చకు అయిదు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒప్పుకోనక్కర్లేదు, వాదించండి.

మొదటిది. ప్రతి గ్రామ సంఘం, ప్రతి సంస్థ ఒక పనుల పుస్తకం పెట్టాలి. ఇప్పుడు నడుస్తున్న పనులెన్ని, ఏది ఎవరు చెబితే వచ్చింది, నెలకు ఎవరి గంటలు ఎన్ని పోతున్నాయి, ఎప్పుడు ముగుస్తుంది. పైసల లెక్క రాస్తున్నాం, స్త్రీల పొద్దు లెక్క కూడా రాద్దాం. రాస్తే తప్ప అది కనపడదు.

రెండోది. పంటకాలానికి ఒక్క పెద్ద పని. వడ్ల సెంటర్ నడిచే రెండు నెలలు ఇంకే కొత్త పనీ పట్టేది లేదని సంఘం తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. ఏపీఎంకు, సీసీకి ఒక్క స్త్రీ కాదంటే అది మొండితనం. పదిహేను గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్యలో తీర్మానం చేస్తే అది నిర్ణయం. కాదనడం కూడా హక్కే.

మూడోది. వేరే పనికి వేరే సంఘం, వేరే మనుషులు, జీతంతో. బస్సు నడపాలంటే బస్సు సంఘం పెట్టండి. హింస కేసులు చూసే కమిటీలో ఉన్న స్త్రీకి కొనుగోలు పనిగానీ, కిస్తీల వసూలు పనిగానీ అప్పగించకూడదు.

నాలుగోది. సమావేశంలో మొదటి అంశం సభ్యుల సొంత విషయమే కావాలి. కిస్తీలు చివర. చీకటిపడి కూలి స్త్రీలు లేచిపోయాక మిగిలేది కిస్తీల లెక్కే అయితే నష్టం లేదు, హింస మాట అయితే ఉంది.

అయిదోది మన సంస్థలకు. కొత్త ప్రాజెక్టు ప్రతిపాదన రాసే ముందు, ఆ పని చేయబోయే ఊరి స్త్రీలను కూర్చోబెట్టి 'ఇది తీసుకుంటే ఏది మానేద్దాం' అని అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు లేని ప్రాజెక్టును వదులుకునే ధైర్యం కావాలి. దాతలకు ఇది చెప్పడం కష్టమని తెలుసు. ఒక్క సంస్థ చెబితే కష్టం. ఈ గదిలో ఉన్న సంస్థలన్నీ కలిసి ఒకే ఉత్తరం రాస్తే అంత కష్టం కాకపోవచ్చు.

భోజనాల తర్వాత గుంపులుగా కూర్చుంటారు కదా. ప్రతి గుంపూ ఒక తెల్లకాగితం తీసుకుని మీ సంఘం ఇవాళ చేస్తున్న పనులన్నీ వరసగా రాయండి. ఒక్కొక్కదాని పక్కన అది ఎవరి పనో రాయండి. బ్యాంకుదా, శాఖదా, దాతదా, మనదా? 'మనది' అని రాయగలిగినవి ఎన్నో లెక్కపెట్టి, ఆ సంఖ్యతో సాయంత్రం సభకు రండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.